గుట్ట మీద అడవి ఎందుకు పోయిందో తెలుసుకోవడం ఎలా?

కడప నుంచి బద్వేలుకు గానీ, అనంతపురం నుంచి కదిరికి గానీ బస్సులో వెళ్తున్నప్పుడు బోడిగుట్టలు కనబడితే "ఒకప్పుడు ఇదంతా అడవే" అని పక్క సీట్లోని పెద్దాయన అనడం మామూలు. అది ఎలా పోయిందని అడిగితే సాధారణంగా మూడు జవాబులే వస్తాయి: కట్టెలు మోసేవాళ్లు, మేకలు కాసేవాళ్లు, ఎర్రచందనం దొంగలు. మూడింటిలోనూ కొంత నిజముంది. అయితే ప్రపంచంలో అడవులు తరిగిన తీరును పరిశీలించినవారు చెట్టును ఎవరు కొట్టారన్న ప్రశ్న కన్నా, కొట్టిన తరువాత ఆ నేల మీద ఏం వచ్చింది, చెట్టు మళ్లీ ఎందుకు లేవలేదు అన్న ప్రశ్నలకే ఎక్కువ విలువ ఇస్తారు. మీ ఊరి దగ్గరి గుట్టనొకదాన్ని తీసుకుని ఆ రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మాటల అర్థం తేల్చుకోవాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలో అరహెక్టారుకు మించిన నేలలో, అయిదు మీటర్లకు పైగా ఎదిగే చెట్లు పది శాతానికి మించి కప్పి ఉంటే అది అడవి. ఆ నేల చేనుగానో, గనిగానో, ఊరుగానో మారిపోతేనే ఆ సంస్థ దాన్ని అడవి నిర్మూలన అంటుంది. చెట్లు పలచబడినా నేల అడవిగానే మిగిలితే అది క్షీణత మాత్రమే. ఈ తేడా పట్టించుకోకపోతే తరువాత చేసే పరిశీలన అంతా గందరగోళమవుతుంది. ఆ సంస్థ 2020 నివేదిక ప్రకారం 1990 నుంచి సుమారు 42 కోట్ల హెక్టార్ల అడవి ఇతర అవసరాలకు మారింది. 2015–2020 మధ్య ఏటా దాదాపు కోటి హెక్టార్లు ఇలా పోయాయి.

గుట్ట ఎక్కే ముందు ప్రపంచంలోని ప్రధాన కారణాలు మనసులో ఉండడం అవసరం, ఎందుకంటే మనం వెతకబోయే గుర్తులు అక్కడివే. అదే సంస్థ ఉపగ్రహ చిత్రాలతో చేసిన సర్వే ప్రకారం, 2000–2018 మధ్య జరిగిన నిర్మూలనలో దాదాపు 90 శాతానికి వ్యవసాయ విస్తరణే కారణం. అందులోనూ సాగు భూముల వాటా సగం మేరకు ఉంటే, పశువుల మేత భూముల వాటా 40 శాతానికి దగ్గరగా ఉంది. బ్రెజిల్ అమెజాన్‌లో నరికిన నేలలో ఎక్కువ భాగం గొడ్డుమాంసం కోసం పెంచే పశువులకు బీడుగా మారింది. అక్కడ 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పోయిన అడవి, ఉపగ్రహ నిఘా, చట్టాల అమలు, అడవి నరికిన నేలలో పండిన సోయాను కొనబోమని వ్యాపారులు 2006లో చేసుకున్న ఒప్పందం వంటి చర్యల తరువాత 2012 నాటికి నాలుగున్నర వేల చదరపు కిలోమీటర్ల స్థాయికి తగ్గింది. ఆ తరువాతి ఏళ్లలో మళ్లీ పెరిగింది. ఇండోనేషియా, మలేషియాలలో ఆయిల్ పామ్ తోటలు పెద్ద కారణం. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునేది మన దేశమే. వేరుశనగకు పేరుపడ్డ అనంతపురంలోనే కాయలు మార్కెట్‌కు తోలి, తిరిగి వచ్చేటప్పుడు పామోలిన్ ప్యాకెట్ కొనుక్కునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ కథ మనకు అంత దూరం కాదు. కాంగో లోయలో మాత్రం కారణం పెద్ద కంపెనీల కన్నా చిన్న రైతుల పోడు, వంటబొగ్గు. కెనడా, రష్యాలలో చెట్లు పోవడానికి కార్చిచ్చు, కలప నరికివేత ప్రధాన కారణాలైనా, అక్కడ చాలాచోట్ల నేల అడవిగానే మిగిలి మళ్లీ మొలుస్తుంది.

ఇక పని మొదలుపెట్టేటప్పుడు ఒకే గుట్టను, ఒకే వాలును ఎంచుకోండి. మండలమంతా ఒకేసారి చూడబోతే ఏదీ తేలదు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటులో (కొండలు, వాగులు, హద్దులు చూపే పటంలో) ఆ గుట్ట రిజర్వు ఫారెస్టు గీత లోపల ఉందో బయట ఉందో చూసుకోండి. రాయలసీమలోని రిజర్వు అడవులలో చాలావాటికి మూలం 1882 నాటి మద్రాసు అటవీ చట్టం. గీత బయట ఉంటే అది రెవెన్యూ పోరంబోకు కావచ్చు, డీకేటీ పట్టాగా, అంటే ప్రభుత్వం కేటాయించిన భూమిగా, ఎవరికైనా ఇచ్చినది కావచ్చు. ఊరి భూముల రికార్డు అయిన అడంగల్‌లో ఆ సర్వే నంబరుకు ఎదురుగా ఏమని రాసి ఉందో చూస్తే సగం కథ అక్కడే తెలుస్తుంది.

తరువాత గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలను వెనక్కి జరుపుతూ పోల్చండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నల్లమల, లంకమల, పాలకొండల అడవుల్లో ఎక్కువ భాగం ఆకు రాల్చేవి. ఏప్రిల్‌లో తీసిన చిత్రంలో అవి ఎండుగడ్డిలా కనిపిస్తాయి, వానల తరువాత నవంబరులో అవే కొండలు ముదురాకుపచ్చగా ఉంటాయి. 2010 నవంబరు చిత్రాన్ని 2020 ఏప్రిల్ చిత్రంతో పోల్చి అడవి మాయమైందని రాస్తే అది అబద్ధమవుతుంది కనుక ఒకే నెల చిత్రాలనే పక్కపక్కన పెట్టాలి. ఉపగ్రహ చిత్రాలతో అడవి నష్టాన్ని చూపే గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ వెబ్‌సైట్‌ను వాడేవారు ఇంకొకటి గమనించాలి: అది మామూలుగా 30 శాతం ఆకుకప్పు ఉన్న నేలనే లెక్కలోకి తీసుకుంటుంది, అనంతపురం గుట్టలలో చాలావాటికి అంత కప్పు ఉండదు. అక్కడ నష్టం సున్నా అని చూపినంత మాత్రాన ఏమీ జరగలేదని అర్థం కాదు. కప్పు పరిమితిని 10 శాతానికి తగ్గించి మళ్లీ చూడాలి. భారత అటవీ సర్వే నివేదికలో చిక్కు వేరు. భూమి ఎవరిదైనా సరే, హెక్టారుకు పైబడిన నేలలో పది శాతం ఆకుకప్పు ఉంటే దాన్ని అటవీ విస్తీర్ణంలో చేరుస్తారు కాబట్టి, రైల్వే కోడూరు మామిడి తోట కూడా ఆ లెక్కలో కలిసిపోవచ్చు.

కాగితాలు, చిత్రాలు చూశాక గుట్ట ఎక్కాలి. నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగిన సాక్షి మోడు. సిద్ధవటం వైపు ఒక వాలు మీద విద్యార్థులతో కలిసి మేము చూసిన చండ్ర మోడును ఉదాహరణగా చెబుతాను. మోకాలి ఎత్తున కొట్టిన ఆ మోడు చుట్టూ ఏడు పిలకలు లేచి ఉన్నాయి, అంటే వేరు బతికే ఉంది. కానీ ఒక్క పిలకా జానెడు దాటలేదు. ప్రతిదాని కొనా కొరికి, పక్క నుంచి చీలి, మళ్లీ కొరికి, చివరకు చీపురుకట్టలా తయారైంది. పక్కనే మేకలు ముట్టని బందారు పొదలు మాత్రం నిండుగా ఉన్నాయి. గొడ్డలి దెబ్బ ఒక్కసారిదే, పిలకను కొరకడం మాత్రం ఏటేటా సాగుతోంది. అక్కడ అడవి తిరిగి రాకపోవడానికి కారణం ఆ రెండోదేనని విద్యార్థులే తేల్చారు. అలాగని తప్పంతా కాపరి మీద వేయడం తొందరపాటు. కింద ఉన్న బీడ్లన్నీ చేలుగా, తోటలుగా, ప్లాట్లుగా మారాక మందకు మిగిలింది ఆ గుట్ట ఒక్కటే.

మోడు నున్నగా, అడ్డంగా ఉంటే రంపం వాడారు. ఏటవాలు ముఖాలతో, చుట్టూ పేళ్లతో ఉంటే గొడ్డలి. నిలిచి ఉన్న చెట్ల బెరడు నేల వైపు నల్లబడి, వాటి కింద చిన్న మొక్కలు అసలే లేకపోతే తరచూ నిప్పు వస్తోందని అర్థం. మన కొండల్లో ఫిబ్రవరి నుంచి మే వరకు వచ్చే మంటలలో చాలావరకు కొత్త గడ్డి కోసమో, బీడీ ఆకు లేతగా రావాలనో మనుషులు పెట్టినవే గానీ ఆకాశం నుంచి పడినవి కావు.

ఎర్రచందనం విషయాన్ని విడిగా రాసుకోండి. శేషాచలం, పాలకొండ, వెలికొండ, లంకమల కొండలలో తప్ప సహజంగా దాదాపు ఎక్కడా పెరగని ఈ చెట్టు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి 1995లోనే చేరింది. దొంగలు చేవ పట్టిన చెట్లను ఏరి కొట్టుకుపోతారు, మిగతా అడవిని అలాగే వదిలేస్తారు. నష్టం చాలా పెద్దది, చేవ మళ్లీ పట్టడానికి దశాబ్దాలు కావాలి. అయినా పై నిర్వచనం ప్రకారం అది క్షీణతే. ఒక గుట్ట పూర్తిగా బోడిదయిందంటే ఎర్రచందనం దొంగతనాన్ని ఏకైక కారణంగా రాయడానికి ముందు రెండుసార్లు ఆలోచించాలి.

నేల వినియోగమే మారిపోయిన చోట గుర్తులు కళ్లకు కట్టినట్టు ఉంటాయి. గుట్ట పాదం నుంచి పైకి ఏటా కొన్ని సాళ్లు జరుగుతూ పోయిన చేను, బేతంచెర్ల, తాడిపత్రి ప్రాంతాల నాపరాతి గుంతలు, మంగంపేట ముగ్గురాయి గని, శ్రీశైలం జలాశయం ముంచిన కృష్ణా లోయ, గాలిమరల వరకు గుట్టల మీద వేసిన మట్టిరోడ్లు అన్నీ ఈ కోవలోవే. గనికి పోయే విస్తీర్ణం తక్కువే కావచ్చు. దాని కోసం వేసిన రోడ్డు వెంట తరువాత ఎవరెవరు లోపలికి వెళ్లారన్నది కూడా కొలవాలి. అమెజాన్‌లోనూ నరికివేతలో ఎక్కువ భాగం రోడ్లను అంటిపెట్టుకునే సాగింది.

అసలు అక్కడ ఎన్నడూ దట్టమైన అడవి లేకపోయే అవకాశాన్ని కూడా పరిశీలించాలి. బట్టమేక పక్షి కోసం అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు ప్రధానంగా గడ్డిమైదానం. 1986లో సిద్ధవటం దగ్గర మళ్లీ కనబడి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన కలివికోడికి కావలసింది పలుచని ముళ్లపొదలే. అలాంటి నేలను పోయిన అడవిగా రాసి, మొక్కలు నాటమని సలహా ఇవ్వడం ఆ పక్షులకు ఉన్న చోటు కూడా లేకుండా చేయడమే.

ఇంతవరకు తేలినదాన్ని ఒకే పేజీలో రాయండి: మొదట చెట్టు ఎలా పోయింది, తరువాత నేల ఏమైంది, ఇప్పుడు పిలకను ఎదగనివ్వనిది ఏది. ఊరిలో అరవై దాటినవారిని ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి, కరువు సంవత్సరాలు, బోర్లు వచ్చిన కాలం, వేరుశనగ విస్తరించిన కాలం గుర్తులుగా పెట్టి సంవత్సరాలు సరిచూసుకోండి. రిజర్వు అడవిలో గని, రోడ్డు వంటివి కనిపిస్తే 1980 అటవీ సంరక్షణ చట్టం (2023లో దీని పేరు వన సంరక్షణ్ ఏవం సంవర్ధన్ అధినియమ్‌గా మారింది) కింద సాధారణంగా కేంద్రం అనుమతి ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద డివిజనల్ అటవీ అధికారి కార్యాలయానికి పెట్టే దరఖాస్తులో సర్వే నంబరు, అనుమతి ఇచ్చిన తేదీ, విస్తీర్ణం, దానికి బదులుగా మొక్కలు నాటిన చోటు అనే నాలుగింటినీ విడివిడిగా అడగండి. జవాబు ముప్పై రోజుల్లో రావాలి. నాటిన చోటు తెలిసిన రోజు అక్కడికి వెళ్లి మొక్కలు ఎన్ని బతికాయో లెక్కపెట్టి, అదే పేజీలో కింద రాసుకోండి.