చిన్న బ్యాంక్‌రోల్‌తో లైవ్ పోకర్: ఏ టేబుల్‌లో కూర్చోవాలి

పోకర్ గది బోర్డు మీద "1-2 నో లిమిట్ హోల్డెమ్" అని కనిపిస్తే చిన్న ఆటే కదా అని కూర్చుంటారు చాలామంది. ఆ రెండంకెలు చెప్పేది బ్లైండ్స్ ఎంతో, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక కట్టాల్సిన చిన్న, పెద్ద పందేలు ఎంతో, అంతే. ఆట అసలు సైజు తెలియాలంటే చూడాల్సినవి వేరు: టేబుల్ మీద ఒక్కొక్కరి ముందు ఎన్ని చిప్స్ ఉన్నాయి, మొదటి రేజ్ (పందెం పెంచడం) ఎంతకు పడుతోంది, ఎవరైనా స్ట్రాడిల్ (ముక్కలు చూడకముందే తనంతట తాను బ్లైండ్స్ కంటే పెద్దగా వేసే పందెం) వేస్తున్నారా. పక్కపక్కన ఉన్న రెండు 1-2 టేబుళ్లలో ఒకటి మీ బ్యాంక్‌రోల్‌కు సరిపోవచ్చు, రెండోది ఒక్క రాత్రిలో సగం ఊడ్చేయవచ్చు. బోర్డు మీద మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి.

కింద లెక్కలన్నీ బిగ్ బ్లైండ్లలో చెప్తున్నాం, పొట్టిగా బీబీ. 1-2 ఆటలో 1 బీబీ అంటే 2. ఏ దేశపు డబ్బుతో ఆడినా ఈ లెక్క మారదు.

ముందు మీ దగ్గరున్నది ఎన్ని బీబీలు

బ్యాంక్‌రోల్ అంటే మొత్తం పోయినా ఇంటి ఖర్చు ఏదీ ఆగని డబ్బు. దాన్ని విడిగా పెట్టి, మీరు ఆడే ఆట బిగ్ బ్లైండ్‌తో భాగించండి. 2000 ఉంటే 1-2 ఆటకు 1000 బీబీ.

అది చాలా, చాలదా? లైవ్‌లో, అంటే ఎదురెదురుగా కూర్చుని ఆడేచోట, గంటకు 25 నుంచి 30 హ్యాండ్లకు (పంపకాలకు) మించి పడవు. చిన్న స్టేక్స్‌లో (చిన్న పందేల ఆటల్లో) రేక్, అంటే గది తీసుకునే వాటా, పోగా గంటకు 5 బీబీ మిగిలితే మంచి ఆటగాడి కిందే లెక్క. అదే గంటలో ఎగుడుదిగుడు, అంటే ప్రామాణిక విచలనం, 50 బీబీ వేసుకోవచ్చు. ఈ రెండూ తెలిస్తే ఎప్పటికైనా మొత్తం పోగొట్టుకునే అవకాశాన్ని కట్టే సూత్రం ఒకటుంది: గంట లాభాన్ని బ్యాంక్‌రోల్‌తో గుణించి, రెట్టింపు చేసి, విచలనం వర్గంతో భాగించాలి; వచ్చిన అంకెను మైనస్ చేసి గణితంలో e (సుమారు 2.718) అనే స్థిరాంకానికి ఘాతంగా పెట్టాలి. సూత్రం గుర్తుండకపోయినా ఫలితాలు గుర్తుంచుకోండి. గంటకు 5 బీబీ గెలిచేవాడు 500 బీబీతో దిగితే దివాలా అవకాశం సుమారు 13.5 శాతం. 1000 బీబీతో దిగితే 2 శాతం లోపే. గంటకు 2.5 బీబీ మాత్రమే గెలిచేవాడికి 1000 బీబీ ఉన్నా మళ్లీ ఆ 13.5 శాతమే.

ఆఖరి అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. గంటకు 2.5 బీబీ తేడా పడితే బ్యాంక్‌రోల్ సగానికి కోసినట్టే. ఆట మెరుగుపరుచుకుని అంత తేడా తేవడానికి నెలలు పడుతుంది. సరైన టేబుల్ ఎంచుకుంటే ఆ సాయంత్రమే వస్తుంది. చిన్న బ్యాంక్‌రోల్ ఉన్నవాడికి టేబుల్ ఎంపిక మొదటి నైపుణ్యం అనేది ఇందుకే. ఇక లాభమే లేనివాడికి, సున్నా దగ్గరో దాని కిందో ఉన్నవాడికి, ఎంత బ్యాంక్‌రోల్ ఉన్నా చాలదు. అతను ఆ డబ్బును వినోదం ఖర్చుగా రాసుకోవడమే నిజాయితీ.

రేక్: ఫోన్లోనే అడగాల్సింది

గదికి వెళ్లకముందే ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: పాట్‌లో (మధ్యలో పోగైన పందెం డబ్బులో) ఎంత శాతం తీస్తారు, గరిష్ఠం ఎంత, జాక్‌పాట్‌కు (అరుదైన హ్యాండ్లకు ఇచ్చే బహుమతి నిధికి) విడిగా ఎంత తీస్తారు, ఫ్లాప్ (టేబుల్ మధ్యలో అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కలు) పడకపోతే తీస్తారా లేదా. డెస్క్ దగ్గరున్నవాళ్లకు ఇది రోజూ వచ్చే ప్రశ్నే, మొహమాటపడక్కర్లేదు.

లెక్క ఇలా నడుస్తుంది. 1-2 ఆటలో 10 శాతం, గరిష్ఠం 5, జాక్‌పాట్‌కు ఇంకో 2 అనుకుందాం. పాట్ 50కి చేరిందంటే 7 పోయినట్టే, అంటే 3.5 బీబీ. చిన్న పాట్లు, ఫ్లాప్ చూడకుండా ముగిసినవి కలుపుకుని హ్యాండుకు సగటున 4 పోతుందనుకుంటే గంటకు 30 హ్యాండ్లకు 120, అంటే 60 బీబీ టేబుల్ దాటిపోతోంది. తొమ్మిది మంది పంచుకుంటే తలా 6.7 బీబీ. గెలిచిన పాట్‌కు డీలర్‌కిచ్చే ఒక చిప్ కూడా కలిపితే గంటకు 8 బీబీ దాటుతుంది. గెలవడం మొదలయ్యేది ఆ 8 దాటాకే.

అదే గదిలో 2-5 ఆటకూ గరిష్ఠం అంతే ఉండటం మామూలు. అక్కడ 7 అంటే 1.4 బీబీయే. నిష్పత్తిలో చూస్తే పెద్ద ఆట చవక, చిన్న ఆట ఖరీదు. అన్యాయమే, కానీ దాని కోసం 2-5కు ఎగబాకొద్దు. మీ 1000 బీబీ అక్కడ 400 అయిపోతుంది. మీరు చేయగలిగింది అందుబాటులో ఉన్న 1-2 ఆటల్లో గరిష్ఠం తక్కువున్నదాన్ని పట్టుకోవడం. జాక్‌పాట్ పెద్దదని ఊరించే గది అంటే ప్రతి పాట్ నుంచీ మీ చేత ఒక లాటరీ టికెట్ కొనిపించే గది.

కొన్ని చోట్ల పాట్ నుంచి తీయకుండా అరగంటకింత అని తలకు వసూలు చేస్తారు. ఎక్కువ పాట్లు గెలిచేవాడికి అది లాభం, ఓపిగ్గా ముక్కల కోసం కూర్చునేవాడికి నష్టం. తక్కువ హ్యాండ్లు ఆడేవాడు పాట్ రేక్ కట్టేది తాను గెలిచిన పాట్లలోనే. టైమ్ చార్జీ మాత్రం ఊరికే కూర్చున్నా పడుతుంది. ఇంకొక చిక్కు: ఐదుగురే మిగిలిన టేబుల్‌లో పాట్ రేక్ తలసరి బాగా పెరుగుతుంది. మనుషులు తగ్గితే రేక్ తగ్గించే గదులున్నాయి, కానీ అడిగితేనే. అడగండి.

కూర్చోకముందు పదిహేను హ్యాండ్లు

పేరు రాయించుకున్న వెంటనే సీటు ఖాళీ అవకపోవడం ఒక రకంగా అదృష్టం. ఆ అరగంట టేబుల్ కనిపించేంత దూరంలో నిలబడి, పదిహేను హ్యాండ్లు లెక్కపెట్టండి.

మొదట చిప్స్. ఆటగాళ్లు మామూలుగా ఇరవై చొప్పున దొంతరలు పేరుస్తారు. 5 విలువ చిప్స్ ఇరవై అయితే దొంతర 100, 1-2 ఆటలో 50 బీబీ. తొమ్మిది మందిలో ఎక్కువమంది ముందు రెండు మూడు దొంతరలుంటే అది మామూలు ఆట. ముగ్గురు నలుగురి ముందు ఎనిమిదేసి దొంతరలో, పైన పెద్ద విలువ చిప్సో కనిపిస్తే బోర్డు ఏం రాసినా అది 2-5 ఆటే.

రెండోది మొదటి రేజ్. లైవ్‌లో 10 నుంచి 15కు రేజ్ చేయడం 1-2 ఆటలో సాధారణం. అది 25, 30 అవుతుంటే ఫ్లాప్ చూసే ఖర్చే రెట్టింపైంది. స్ట్రాడిల్ కూడా అంతే: 5 స్ట్రాడిల్ వేస్తే మీ 200 చిప్స్ 100 బ్లైండ్లు కావు, 40 స్ట్రాడిళ్లు. ఎప్పుడో ఒకసారి వేస్తే పర్లేదు. ప్రతి హ్యాండుకూ ఎవరో ఒకరు వేసే టేబుల్ మీది కాదు. బాంబ్ పాట్ల గురించి కూడా తెలుసుకోండి: అరగంటకోసారి అందరూ తలా 5 బీబీ వేసి నేరుగా ఫ్లాప్ చూస్తారు. అందులోంచి తప్పుకోవడానికి వీలుందా, లేదా?

మూడోది, అన్నిటికంటే విలువైనది: ఎంతమంది ఫ్లాప్ చూస్తున్నారు, ఎలా చూస్తున్నారు. పదిహేను హ్యాండ్లలో పదింట నలుగురో ఐదుగురో లింప్ కొట్టి (రేజ్ చేయకుండా బిగ్ బ్లైండ్ మాత్రమే కట్టి) ఫ్లాప్‌కు వెళ్తూ, చివర్లో మధ్యరకం జోడీతో కాల్ చేసి (ఎదుటి పందేనికి సరిపడా కట్టి) ముక్కలు చూపిస్తుంటే మీరు వెతికే టేబుల్ అదే. ఇద్దరే ఫ్లాప్ చూస్తూ, రేజ్ మీద రేజ్ పడుతూ, ముక్కలు చూపించకుండానే పాట్లు ముగుస్తుంటే వేరే టేబుల్ చూసుకోండి.

ఇక్కడ మా అభిప్రాయం కొంచెం వేరు. టేబుల్‌లో ఒకడు చూడకుండానే రేజ్ చేస్తూ చిప్స్ విసురుతుంటే అందరూ ఆ సీటు కోసం ఎగబడతారు. డబ్బు అక్కడ ఉన్న మాట నిజమే. కానీ ఎగుడుదిగుడు కూడా అక్కడే రెండింతలు. 500 బీబీ చేతిలో ఉన్నవాడికి రేజ్ చేసే పిచ్చివాడికన్నా ఫోల్డ్ చేయలేని (ముక్కలు వదులుకోలేని) మెతకవాడు మేలు. మొదటివాడు మీ చేత పెద్ద పందెం కాయిస్తాడు. రెండోవాడు మీకు మంచి ముక్క పడ్డప్పుడే డబ్బిస్తాడు.

మనుషుల తీరూ చెబుతుంది. హెడ్‌ఫోన్లు, ఒకరితో ఒకరు మాట్లాడకపోవడం, ఫోల్డ్ చేసి వెంటనే ఫోన్ చూడటం, ఇవి రోజూ వచ్చేవాళ్ల లక్షణాలు. ఒక టేబుల్‌లో అలాంటివాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండటం సహజం, ఆరుగురుంటే మాత్రం మీ వాటాకు ఏమీ మిగలదు. పని దినాల పొద్దున పూట టేబుళ్లు వీళ్లతోనే నిండుతాయి. సరదాగా వచ్చేవాళ్లు వారాంతపు సాయంత్రాల్లో వస్తారు. వారానికి ఒక్కసారే వెళ్లగలిగితే ఏ పూట వెళ్లాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఎంతతో కూర్చోవాలి

చాలా గదుల్లో కనిష్ఠ బై-ఇన్ (కూర్చునేటప్పుడు కొనాల్సిన చిప్స్) 20 నుంచి 50 బీబీ మధ్య, గరిష్ఠం 100 నుంచి 200 మధ్య ఉంటుంది. చిన్న బ్యాంక్‌రోల్‌తో 40, 50 బీబీతో కూర్చోవడంలో తప్పేమీ లేదు, కొందరు చిన్నచూపు చూసినా.

ఎందుకో ఒక హ్యాండులో చూడండి. ముగ్గురు లింప్ చేశారు, మీరు ఏస్-కింగ్‌తో 8 బీబీకి రేజ్ చేశారు, వాళ్లలో ఇద్దరు కాల్ చేశారు. పాట్ దాదాపు 26 బీబీ. మీరు 40తో కూర్చుంటే చేతిలో మిగిలింది 32. ఫ్లాప్‌లో కింగ్ పడితే ఇక ఆలోచించేదేమీ లేదు, మొత్తం లోపలికి వెళ్తుంది. అదే మీరూ వాళ్లూ 150తో కూర్చున్నారనుకోండి, 142 మిగిలింది, పాట్‌కు అయిదు రెట్లు పైన. ఇప్పుడు అదే ఒక్క జోడీతో టర్న్‌లో, రివర్‌లో (ఫ్లాప్ తర్వాత తెరిచే నాలుగో, అయిదో ముక్కల దగ్గర) పెద్ద పందేలు ఎదుర్కోవాలి. చిన్న స్టేక్స్‌లో ఎక్కువ డబ్బు పోయేది సరిగ్గా ఈ చోటే: ఆల్-ఇన్‌కు (ఉన్న చిప్స్ అన్నీ పెట్టడానికి) చాలని జోడీని వదల్లేక.

చిన్న స్టాక్‌తో, అంటే ముందున్న చిప్స్ తక్కువైనప్పుడు, రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, చిన్న జోడీలతో, వరస సూటెడ్ (ఒకే గుర్తు) ముక్కలతో రేజ్‌కు కాల్ చేయడం. అవి తగిలినప్పుడు పెద్ద పాట్ రావాలి. మీ ముందు 40 బీబీ ఉంటే వచ్చేదీ 40 బీబీయే, గిట్టదు. రెండోది రెట్టింపయ్యాక అలాగే కూర్చోవడం. టేబుల్ మీది చిప్స్‌లో కొన్ని తీసి జేబులో వేసుకోవడం కుదరదు, నియమం ఒప్పుకోదు. 120 బీబీ అయ్యాక పక్కన అంతే స్టాకున్న గట్టి ఆటగాడుంటే లేచి వచ్చేయడం ఒక మార్గం. తిరిగి అదే ఆటలో ఎంతసేపటికి తక్కువతో కూర్చోనిస్తారో గదిని బట్టి మారుతుంది, ముందే కనుక్కోండి.

సీటు, మార్పు

డబ్బు సవ్యదిశలో కదులుతుందని అంటారు, అందులో నిజం ఉంది. మీ కంటే ముందు ఆడే కుడి పక్కవాడు ఏం చేశాడో మీకు తెలుస్తుంది, మీ తర్వాత ఆడే ఎడమ పక్కవాడు ఏం చేస్తాడో తెలియదు. కాబట్టి ఊహించలేని రేజర్ మీ కుడి పక్కన, ఎప్పుడూ ఫోల్డ్ చేసేవాళ్లు ఎడమ పక్కన ఉండాలి. ఖాళీ అయినప్పుడు ఆ సీటు కావాలని డీలర్‌తో ముందే చెప్పి పెట్టుకోండి. టేబుల్ మార్పుకు ఫ్లోర్‌తో (గది పర్యవేక్షకుడితో) చెప్పాలి. కూర్చున్న మొదటి నిమిషంలోనే చెప్పినా ఎవరూ ఏమీ అనుకోరు.

మస్ట్-మూవ్ ఉందా అని కూడా అడగండి. కొత్తవాళ్లను రెండో టేబుల్‌లో కూర్చోబెట్టి, మెయిన్ టేబుల్‌లో సీటు ఖాళీ కాగానే అక్కడికి పంపే పద్ధతి ఇది. మెయిన్ టేబుల్‌లో గంటల తరబడి పెరిగిన స్టాకులుంటాయి. మీ వంతు వస్తే వెళ్లాలా, ఇంటికి వెళ్లిపోవాలా అన్నది పిలుపు రాకముందే తేల్చుకోండి. కూర్చున్నాక మారలేదని గంటసేపు గొణుక్కునే కన్నా అది సులువు.

అదే బ్లైండ్స్‌లో పాట్ లిమిట్ ఒమాహా నడుస్తుంటే చూసి రండి, కూర్చోకండి. నాలుగు ముక్కల ఆటలో ఫ్లాప్ తర్వాత ఇద్దరి అవకాశాలూ దగ్గరదగ్గరగా ఉంటాయి, స్టాకులు మాత్రం మొత్తం లోపలికి వెళ్తాయి.

ఇళ్లలో నడిచే ఆటలకు పిలుపు వస్తే నాలుగు ప్రశ్నలు: అక్కడి చట్టం ఒప్పుకుంటుందా, రేక్‌కు గరిష్ఠం ఉందా, చిప్స్ మార్చిన డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, లేచినప్పుడు చేతికిస్తారా రేపు ఇస్తామంటారా. అప్పు మీద చిప్స్ ఇచ్చే ఆటలో మీరు గెలిచింది కూడా అప్పే. ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోయినా వెళ్లకండి.

లేవడం, రాసుకోవడం

రెండు బై-ఇన్లు పోతే ఆ రోజుకు చాలు అని ముందే పెట్టుకోవడం మంచిదే. మూడోది తీసేసరికి ఎవరి ఆటైనా వంకర పోతుంది. కానీ టేబుల్ మారినప్పుడు లేవడం అంతకంటే ముఖ్యం. మీరు కూర్చోవడానికి కారణమైన ఆ ఇద్దరు ముగ్గురు కాలింగ్ స్టేషన్లు (ఫోల్డ్ చేయకుండా కాల్ చేస్తూ పోయేవాళ్లు) వెళ్లిపోయి, వాళ్ల సీట్లలోకి హెడ్‌ఫోన్లు వచ్చాయా? మీ దగ్గర లాభమున్నా నష్టమున్నా అదే మాట, లేవాలి.

బయటికొచ్చాక ఫోన్లో రాసుకోండి: ఎన్ని గంటలు, ఎంతతో కూర్చున్నారు, ఎంతతో లేచారు, ఏ రోజు ఏ పూట, రేక్ ఎంత, ఫ్లాప్‌కు సుమారు ఎంతమంది. మొదటి వంద గంటల మొత్తం చూసి గర్వపడటానికీ కుంగిపోవడానికీ లేదు: గంటకు 5 బీబీ గెలిచేవాడి సగటు లాభం అప్పటికి 500 బీబీ, ఎగుడుదిగుడు కూడా 500 బీబీయే. ఆ దశలో నమ్మదగ్గది లాభనష్టాల గడి కాదు, ఫ్లాప్‌కు ఎంతమంది అన్న గడి. అది శుక్రవారం రాత్రులు 5 అని, మంగళవారం పొద్దున 2 అని చూపిస్తుంటే వచ్చే నెల మంగళవారాలు కొట్టేయండి.