పాత డ్రిల్ మిషన్, గ్రైండర్‌లకు స్పేర్ పార్టులు వెతికి పట్టుకోవడం ఎలా?

పాత డ్రిల్ మిషన్ పట్టుకుని షాపుకెళ్తే మొదట వినపడే మాట ఒకటే: "ఈ మోడల్ ఆగిపోయింది సార్, పార్టులు రావు, కొత్తది తీసుకోండి." మా నాన్న ఇరవై ఏళ్లకు పైగా వడ్రంగం పనిలో వాడిన మిషన్ గురించి నాకూ ఇదే చెప్పారు. ఇంటికొచ్చి విప్పితే లోపల పోయింది ఒక్క బేరింగు. గ్రీజు తుడిచి టార్చి వేస్తే అంచు మీద 6200 అని కనిపించింది. బేరింగుల షాపులో ఆ నంబరు చెప్పాను. ఆయన మిషన్ పేరు కూడా అడగకుండా డబ్బా తీసి ఇచ్చాడు.

అప్పటినుంచి నేను మిషన్ పేరుతో వెతకడం మానేశాను. లోపలి పార్టుకి దాని నంబరు, దాని కొలత ఉంటాయి. వాటితో వెతికితే చాలావరకు దొరుకుతాయి.

ముందు నేమ్ ప్లేట్ ఫోటో తీసుకోండి

మోడల్ పేరొక్కటే చాలదు. బాష్ మిషన్ల మీద మోడల్ పేరుతో పాటు 0 601 అనో 3 601 అనో మొదలయ్యే పది అంకెల నంబరు ఉంటుంది. పార్టుల లెక్కంతా ఆ నంబరు మీదే నడుస్తుంది. బాష్, మకిటా లాంటి కంపెనీల సైట్లలో విడిభాగాలన్నీ విడదీసి చూపే బొమ్మలు దొరుకుతాయి. అందులో మీ పార్టు నంబరు రాసుకోండి. కొన్ని బ్రాండ్ల పేర్లే మారాయి: హిటాచీ పవర్ టూల్స్ 2018 నుంచి హైకోకి పేరుతో వస్తున్నాయి. హిటాచీ అని వెతికి దొరక్కపోతే కొత్త పేరుతో వెతకండి.

ప్లేటు మీద వోల్టేజీ కూడా చూడండి. అమెరికా నుంచి తెచ్చుకున్న మిషన్ 120 వోల్టులది. మోడల్ పేరు ఒకటే అయినా మన 230 వోల్టుల ఆర్మేచర్ (మోటారులో తిరిగే, తీగ చుట్టిన భాగం), ఫీల్డ్ కాయిల్ (దాని చుట్టూ కదలకుండా ఉండే తీగ చుట్ట) దానికి పనికిరావు. గేర్లు, బేరింగులు మాత్రం తరచూ కలుస్తాయి.

విప్పేటప్పుడు

ప్లగ్ పీకేసి మొదలుపెట్టండి. ఒక్కో స్క్రూ తీసినప్పుడల్లా ఫోటో తీయండి. అట్టముక్క మీద మిషన్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడవు స్క్రూ పొట్టిదాని చోట పడితే ప్లాస్టిక్ బాడీ పగులుతుంది. స్విచ్ దగ్గర వైర్లు ఊడదీసే ముందు తప్పకుండా దగ్గరగా ఫోటో ఉండాలి.

కార్బన్లు

కార్బన్లు అంటే ఆర్మేచర్‌కి కరెంటు అందించే చిన్న నల్ల దిమ్మెలు. మిషన్ ఉన్నట్టుండి ఆగిపోతే మోటారు కాలిందని భయపడకండి. కొన్ని కార్బన్లలో లోపల చిన్న ప్లాస్టిక్ పిన్ను ఉంటుంది. కార్బన్ అరిగి చివరికొచ్చాక ఆ పిన్ను బయటికొచ్చి కరెంటు తెగ్గొడుతుంది, ఆర్మేచర్ పాడవకుండా. అంటే కార్బన్ల జత మారిస్తే మిషన్ మళ్లీ లేస్తుంది.

కార్బన్ పక్కన నంబరు ఉంటుంది. మకిటా వాటిపై సీబీ అక్షరాలు, వెనక అంకెలు కనిపిస్తాయి. నంబరు చెరిగిపోతే మందం, వెడల్పు వెర్నియర్‌తో కొలవండి. పొడవు అరిగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మొద్దు. సరిగ్గా అదే సైజు లేకపోతే కొంచెం పెద్దది కొని గరుకు కాగితం మీద సమంగా రుద్దుకోవచ్చు. హోల్డర్‌లో బిగుసుకోకుండా జారాలి, అటూ ఇటూ ఊగకూడదు. రెండూ ఒకేసారి మార్చి, కొన్ని నిమిషాలు లోడు లేకుండా తిప్పండి. కార్బన్ కొస కామ్యుటేటర్ (ఆర్మేచర్ మీద కార్బన్లు ఆనే రాగి పట్టీల వలయం) వంపుకి తగ్గట్టు అరిగి కూర్చుంటుంది.

బేరింగులు

ఇది అన్నిటికంటే సులువు. అంకెలు ప్రపంచమంతా ఒకటే. 608 అంటే లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. 607 అయితే 7, 19, 6. 6200 అయితే 10, 30, 9. 6201 అయితే 12, 32, 10. నంబరు కనపడకపోయినా ఈ మూడు కొలతలు చెబితే షాపులో నంబరు వాళ్లే చెబుతారు.

నంబరు తర్వాత జెడ్‌జెడ్ అని ఉంటే రెండు పక్కలా రేకు మూత, 2ఆర్‌ఎస్ అని ఉంటే రబ్బరు సీలు. గోడల దుమ్ములో, రాయి కోతలో పనిచేసే మిషన్‌కి నేనైతే రబ్బరు సీలుదే అడుగుతాను. షాఫ్టుకి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తిడి పడాలి. బయటి రింగు మీద సుత్తి దెబ్బ వేస్తే కొత్త బేరింగు ఆ రోజే పాడవుతుంది.

ఆర్మేచర్: ఇక్కడ తొందరపడకండి

కామ్యుటేటర్ చుట్టూ నీలి మంట వలయంలా తిరుగుతుంటే, కాలిన వార్నిష్ వాసన వస్తుంటే అనుమానం ఆర్మేచర్ మీదే. మల్టీమీటర్ ఒక మొన షాఫ్టు మీద, ఇంకోటి రాగి పట్టీ మీద పెట్టండి. బీప్ వస్తే లోపల షార్టయింది. తర్వాత పక్కపక్క పట్టీల మధ్య రెసిస్టెన్స్ చుట్టూ కొలవండి. అన్నిచోట్లా దాదాపు ఒకటే రావాలి.

కొత్తది కొనేటప్పుడు చూడాల్సినవి: మొత్తం పొడవు, ఇనుప కోర్ పొడవూ వ్యాసం, కామ్యుటేటర్ వ్యాసం, బేరింగులు కూర్చునే చోట్ల షాఫ్టు మందం, కొసన పినియన్ (చిన్న గేరు) పళ్ల సంఖ్య, ఆ పళ్లు ఏ వైపుకి వాలి ఉన్నాయో. నేనొకసారి పొడవూ లావూ సరిపోయాయని పళ్లు లెక్కపెట్టకుండా కొనేశాను. పాతదానికి ఐదు, కొత్తదానికి ఆరు. ఒక్క పన్ను తేడాకి నిమిషం తిరగకముందే మంచి గేరు గొరిగేసింది. పాత ఆర్మేచర్ చేత్తో పట్టుకెళ్లి కొత్తదాని పక్కన పెట్టి చూడండి. పినియన్ అరిగి ఉంటే దాని జత గేరు కూడా మార్చండి.

దొరక్కపోతే వైండింగ్ షాపు ఉంది. షాఫ్టు, కామ్యుటేటర్ బాగుంటే తీగ తిరిగి చుట్టిస్తారు. ఆర్మేచర్, ఫీల్డ్ కాయిల్ రెండూ కాలితే మాత్రం ఖర్చు లెక్క వేసుకోవాలి. నా అభిప్రాయంలో అప్పుడు ఆ మిషన్‌ని వేరొకదానికి పార్టుల కోసం దాచడమే మేలు.

చక్

13 మిల్లీమీటర్ల చక్ (బిట్టును పట్టుకునే భాగం) మీద చాలాసార్లు 1/2-20 యూఎన్‌ఎఫ్ అని ఉంటుంది. అది మర సైజు. అది కలిస్తే ఏ కంపెనీ చక్ అయినా పడుతుంది. రివర్స్ తిరిగే డ్రిల్‌లో చక్ దవడలు పూర్తిగా తెరిస్తే అడుగున ఒక స్క్రూ కనిపిస్తుంది. దానిది ఎడమ మర, కుడివైపు తిప్పితేనే వదులవుతుంది. ఇది తెలియక ఆ స్క్రూ తల అరగదీసినవాళ్లు చాలామంది.

పాత కార్డ్‌లెస్

నికెల్ కాడ్మియం ప్యాక్‌లో ఒక్కో సెల్ 1.2 వోల్టులు. 12 వోల్టుల ప్యాక్ అంటే పది సెల్స్. ఎక్కువగా సబ్-సి సైజువి వాడతారు. ట్యాగ్ వెల్డింగ్ (సెల్స్‌ని రేకు పట్టీలతో అతికించడం) చేసే బ్యాటరీ షాపులో కొత్తవి వేయించుకోవచ్చు. వాటి బదులు లిథియం సెల్స్ పెట్టి పాత ఛార్జర్‌తోనే ఛార్జ్ చేస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఆ పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

ఎక్కడ వెతకాలి

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగులు, మిషనరీ షాపులు వరసగా ఉంటాయి. కోఠీ దగ్గర ట్రూప్ బజార్‌లో హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ సామాన్లు దొరుకుతాయి. విజయవాడవాళ్లకి ఆటోనగర్ ఉంది, లేతు పని అక్కడ చేయించుకోవచ్చు. పాడైన మిషన్ ఒకటి కొని దాని పార్టులు తీసుకోవాలనుకుంటే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంత ఒకసారి తిరగండి.

షాపులో "ఫలానా మోడల్‌కి పార్టు ఉందా?" అని అడగొద్దు. పాత పార్టు బల్ల మీద పెట్టి, "అన్నా, దీని సైజుది కావాలి, ఏ కంపెనీదైనా పర్లేదు" అనండి. అప్పుడు ఆయన డబ్బాలు వెతకడం మొదలుపెడతాడు.

ఎక్కడా దొరకని గేరు ఉంటే గేర్ కటింగ్ చేసే లేతు షాపుకి వెళ్లండి. నిటారు పళ్ల గేరైతే బయటి వ్యాసాన్ని, పళ్ల సంఖ్యకి రెండు కలిపిన అంకెతో భాగిస్తే మాడ్యూల్, అంటే పళ్ల సైజు చెప్పే అంకె, వస్తుంది. వ్యాసం 40 మిల్లీమీటర్లు, పళ్లు 38 అయితే మాడ్యూల్ 1. విరిగిన ముక్కలు పారేయకుండా పట్టుకెళ్లండి.

గ్రైండర్ గార్డు, ఫ్లాంజ్‌లు (చక్రాన్ని రెండు పక్కలా బిగించే బిళ్లలు) మాత్రం సర్దుబాటు చేయకండి. ఆ మోడల్‌కి సరిగ్గా సరిపోయేవి దొరికేదాకా గ్రైండర్ వాడొద్దు. అన్నీ బిగించాక మొదటిసారి ఆన్ చేసేముందు స్పిండిల్ (చక్రం లేదా చక్ బిగించే కడ్డీ) చేత్తో ఒకటి రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే మళ్లీ విప్పి చూడండి.