లోహాలను గుర్తుపట్టడం – 4వ పాఠం: అయస్కాంతానికి అంటని ఇనుము

మూడో పాఠంలో "ఇనుము అయస్కాంతానికి అంటుకుంటుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం నా పొరపాటే. దానిని నమ్మి వంటింటి స్టీలు గ్లాసులన్నింటికీ అయస్కాంతం పెట్టి చూసిన తిరుపతి చదువరులు కొందరు, అది అంటలేదు కనుక వాటిలో ఇనుమే లేదని తేల్చారు. చిత్తూరు నుంచి ఒకరైతే అసలు స్టీలు లోహమేనా అని అడిగారు. అందువల్ల తాంతవత, అంటే తీగలుగా సాగే గుణం, గురించిన పాఠాన్ని వాయిదా వేసి ముందు ఈ చిక్కు విప్పుతాను.

మెరుపు, వేడినీ విద్యుత్తునూ ప్రసరింపజేయడం, రేకులుగా సాగడం లోహాల సాధారణ గుణాలని మీకు తెలుసు, వాటిని మళ్లీ వివరించను. అయస్కాంతానికి అంటుకోవడం వాటిలో చేరదు. మనకు పరిచయమున్న శుద్ధ లోహాలలో గది ఉష్ణోగ్రత వద్ద దానికి గట్టిగా అంటుకునేవి ఇనుము, నికెల్, కోబాల్టు మాత్రమే.

ఇక స్టీలు గ్లాసు సంగతి. పాత్రలకు వాడే 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ పోగా మిగిలినదంతా దాదాపు ఇనుమే. క్రోమియం తుప్పు పట్టనివ్వదు. నికెల్ పరమాణువుల అమరికను మారుస్తుంది. మామూలు ఇనుములో ప్రతి ఘనం మూలల్లోనూ, నడిమధ్యనా పరమాణువులుంటే, ఈ స్టీలులో మూలల్లోనూ, ఘనం ముఖాల మధ్యలోనూ ఉంటాయి. ఈ రెండో అమరికలో పరమాణువుల అయస్కాంత దిశలు ఒకే వైపుకు వరుస కట్టవు కనుక, ఇనుము అంత ఉన్నా అయస్కాంతానికి పట్టు దొరకదు. నికెల్ దాదాపు లేని 430 రకం స్టీలుకు అయస్కాంతం చక్కగా అంటుకుంటుంది. కాబట్టి అంటితే నాసిరకం, అంటకపోతే మేలురకం అని పాత్రల కొట్లలో చెప్పే మాటను నేను ఒప్పుకోను. ఇండక్షన్ పొయ్యి మీద పెట్టే గిన్నె అడుగుకు అంటుకోవడమే కావాలి.

మా ఇంటి గ్లాసు అడుగున అయస్కాంతం జారిపోతుంది, కానీ పైన చుట్టిన అంచు దగ్గర వేలికి తెలిసేంత లాగుతుంది. చల్లగా ఉన్న రేకును బలంగా వంచినప్పుడు ఆ వంపులో కొంత భాగం అమరిక మారి అయస్కాంత గుణం తెచ్చుకుంటుంది. కొన్ని ఇత్తడి, అల్యూమినియం పాత్రల అంచులోనైతే ఇనుప తీగే దాగి ఉంటుంది, కనుక అంచు చూసి ఎప్పుడూ తీర్పు చెప్పకండి. ఇత్తడి పూత పూసిన ఇనుప గొళ్లెం దీనికి తిరగబడిన మోసం: చూపుకు ఇత్తడి, లోపలంతా ఇనుము.

నాకు అయస్కాంతం కన్నా తూకం మీదే నమ్మకం. వస్తువును ముందు పొడిగా తూచండి. తర్వాత వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద బకెట్ నీళ్లు పెట్టి, సున్నా చేసి, వస్తువును దారంతో వేలాడదీసి, అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా ముంచండి. కాటా చూపే గ్రాములే దాని ఘనపరిమాణం, మిల్లీలీటర్లలో. పొడి తూకాన్ని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది: అల్యూమినియానికి 2.7, స్టీలుకు 8 లోపు, ఇత్తడికి 8.4 నుంచి 8.7, రాగికి 8.96. కంచు ఇత్తడికి దగ్గరగా వస్తుంది; అక్కడ మోగించి వినడమే దారి.

అభ్యాసం: ఇత్తడి చెంబును ఇలా మూడుసార్లు తూచి, మూడు ఫలితాలూ 0.2 తేడాలోపు వచ్చేదాకా చేయండి. చెంబు మెడ కింద గాలి నిలిచిపోతుంది, కనుక నీళ్లలో వంచి, బుడగలన్నీ పోయాకే లెక్క రాసుకోండి.