మంచులో టెలిఫోటో ఫోటోలు మసకగా వస్తున్నాయా? నా అనుభవం

మంచు కొండల్లో దూరంగా ఉన్న కొండమేకల్ని 600 ఎంఎం టెలిఫోటో లెన్స్‌తో (దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే లెన్స్) తీస్తే ఒక్క ఫ్రేమూ షార్ప్‌గా వచ్చేది కాదు. ఫోకస్ కంటి మీదే ఉన్నా, బొచ్చు తడి బ్రష్‌తో అలికినట్టు ఉండేది. షట్టర్ వేగం 1/2500 సెకనుకి పెంచాను, ట్రైపాడ్ మార్చాను, ఫిల్టర్ తీసేశాను, ఆటోఫోకస్ ఫైన్‌ట్యూన్ చేశాను (ఆ లెన్స్‌కి ఫోకస్ సరిగ్గా కుదిరేలా కెమెరాలో సర్దాను). ఏదీ పనిచేయలేదు.

చివరికి లైవ్ వ్యూని, అంటే కెమెరా వెనక తెరమీద కనిపించే దృశ్యాన్ని, 10 రెట్లు పెద్దది చేసి చూశాను. మేక కదలకుండా నిలబడే ఉంది, కొమ్ముల అంచులు మాత్రం నీటి అడుగున ఉన్నట్టు వణుకుతున్నాయి. నేను తీస్తున్నది హీటర్ వేసిన కారు కిటికీలోంచి! లోపలి వేడి గాలి బయటి చలిగాలితో కలిసేది సరిగ్గా లెన్స్ ముందే. ఆ కలిసే చోట కాంతి వంకర్లు పోతుంది.

ఇప్పుడు స్పాట్‌కి చేరే అరగంట ముందే హీటర్ ఆపి, అద్దాలు దించేస్తాను. చలికి ఓర్చుకోవాల్సిందే. ఆగగానే ఇంజన్ కూడా ఆపేస్తాను, బానెట్ మీంచి కూడా వేడి లేస్తుంది కాబట్టి. తర్వాత లెన్స్ హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటి తొడుగు) తీసేస్తాను. లెన్స్ ఇంకా వెచ్చగా ఉంటే ఆ వేడి గాలి హుడ్‌లోనే నిలిచిపోతుంది. లైవ్ వ్యూలో వణుకు తగ్గాకే షట్టర్ నొక్కుతాను. మొదటిసారి ఇలా తీసినప్పుడు గడ్డం వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి, ఎంత సంతోషం వేసిందో!

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. ఎండకు వేడెక్కిన రాళ్ల మీదుగా తీస్తే నాకు ఇప్పటికీ మసకే. అలాంటప్పుడు తెల్లవారుజామున వెళ్లడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.