కోల్డ్ రూమ్‌లో గ్యాస్ లీకు పట్టడం, వాక్యూమ్ కొట్టడం: జాగ్రత్తగా ఎలా చేయాలి?

కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు రొయ్యలు, చేపలు నిల్వ చేసే కోల్డ్ రూములకు ఉప్పుగాలి పెద్ద శత్రువు. కండెన్సర్ (వేడిని బయటికి వదిలే కాయిల్) రేకులు తెల్లగా పొడిబారతాయి, అతుకులు తినేస్తాయి. ఎండలు ముదిరేసరికి “కూలింగ్ రావట్లేదు, కాస్త గ్యాస్ కొట్టి వెళ్లండి” అని ఫోన్లు మొదలవుతాయి. గ్యాస్ వాడకానికి అరిగిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అది పట్టకుండా కొట్టిన గ్యాస్ మళ్లీ అదే దారిన పోతుంది. లీకు మూశాక లైన్‌లోని గాలి, తేమను పంపుతో లాగేయడమే వాక్యూమ్ కొట్టడం.

ఇక్కడ చెప్పేది ఆర్-22, ఆర్-404ఏ, ఆర్-134ఏ లాంటి గ్యాస్‌లతో నడిచే యూనిట్ల గురించి, అదీ పని నేర్చుకున్న మెకానిక్ చేసే పద్ధతి. యజమాని దగ్గరుండి చూడటానికి కూడా పనికొస్తుంది. అమ్మోనియాతో నడిచే ఐస్ ఫ్యాక్టరీల జోలికి ఇది చదివి వెళ్లొద్దు. అది విషవాయువు, దానికి శిక్షణే వేరు. ఆర్-290 మండే గ్యాస్, దాని పద్ధతీ వేరే.

పని మొదలుపెట్టే ముందు

సరుకును ముందే ఐస్ పెట్టెల్లోకి మార్పించండి. లోపల సరుకు కరుగుతుంటే యజమానికి టెన్షన్, ఆ టెన్షన్‌లో మెకానిక్ తొందరపడతాడు. ప్రమాదాలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

మెయిన్ ఆపి తాళం వేయండి. కరెంటు లేదని మీటరుతో చూసుకోండి, కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేయండి. గది తలుపు మూసుకోకుండా అడ్డు పెట్టండి. ఈ గ్యాస్‌లు గాలికంటే బరువు, వాసన పెద్దగా రాదు, నేల దగ్గర చేరి ఊపిరాడకుండా చేస్తాయి. అందుకే బయట ఒక మనిషి ఉండాలి. ద్రవ గ్యాస్ చర్మం మీద పడితే మాంసం గడ్డకడుతుంది. ఆర్-22 మరిగేదే మైనస్ 41 డిగ్రీల దగ్గర. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి.

లైన్‌లో ఉన్న గ్యాస్‌ను గాల్లోకి వదలకుండా రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి తీయండి. సిలిండర్‌ను 80 శాతానికి మించి నింపొద్దు. గ్యాస్ ఉండగా టార్చ్ వెలిగించొద్దు. మంటకు అది ఫాస్జీన్ లాంటి విషవాయువుగా మారగలదు.

లీకు పట్టడం

ముందు కంటితో వెతకండి. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా కారుతుంది కాబట్టి జిడ్డు మరక, దాని మీద దుమ్ము కనబడితే అక్కడే అనుమానం. ఫ్లేర్ నట్లు, సర్వీస్ వాల్వు మూతలు, కాయిల్ చివర వంపులు, పైపుకు పైపు రాసుకునే చోట్లు వదలొద్దు.

తర్వాత తేమ లేని (డ్రై) నైట్రోజన్ ఎక్కించండి. ఆక్సిజన్ ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు, ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. సిలిండర్‌ను నిలబెట్టి గొలుసుతో కట్టండి. నిండు సిలిండర్‌లో 2000 పీఎస్ఐకి పైగా ఒత్తిడి ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా దాన్ని లైనుకు కలపడం ప్రాణాలతో చెలగాటం. ముందు 50 దాకా ఎక్కించి చప్పుడు వినండి, ఆపైన కొద్దికొద్దిగా పెంచండి. నేమ్ ప్లేటు మీద లో సైడ్ (తక్కువ ఒత్తిడి వైపు), హై సైడ్ (ఎక్కువ ఒత్తిడి వైపు) పరిమితులు వేరుగా ఉంటే తక్కువదాన్నే హద్దుగా పెట్టుకోండి.

చిక్కటి సబ్బునీళ్లు బ్రష్‌తో పూసి, ఒక్కో అతుకు దగ్గర నిమిషమైనా ఆగండి. పెద్ద లీకు బుడగలు కడుతుంది. చిన్న లీకు మజ్జిగ నురగలా మెల్లగా పైకొస్తుంది, తొందరపడితే కనబడదు. పైపు వెనక చిన్న అద్దం పెట్టి చూడండి.

గేజి మీద ఒత్తిడితో పాటు ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. 150 పీఎస్ఐ దగ్గర పది డిగ్రీలు చల్లబడితే లీకు లేకపోయినా సుమారు 5 పీఎస్ఐ తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో ఎక్కించి రాత్రి చూస్తే ఈ తేడా కచ్చితంగా వస్తుంది.

లీకు దొరికాక ఒత్తిడంతా వదిలి, లోపల సన్నగా నైట్రోజన్ పారిస్తూ బ్రేజింగ్ (మంటతో లోహం కరిగించి అతకడం) చేయండి. అలా చేస్తే పైపులో నల్లటి పొలుసు కట్టదు. డ్రయ్యర్ (లైన్‌లో తేమ పీల్చే ఫిల్టర్) కొత్తది వేసి, నైట్రోజన్ పరీక్ష మళ్లీ చేయండి.

వాక్యూమ్

మన తీరంలో గాలి నిండా తేమే. అది లైన్‌లో మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వు (ద్రవ గ్యాస్‌ను చల్లబరుస్తూ వదిలే సన్న దారి) దగ్గర మంచు కడుతుంది, ఆయిల్‌తో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ను తినేస్తుంది. 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత, ఎంత తక్కువైతే అంత లోతు) దగ్గర నీరు సున్నా కంటే 20 డిగ్రీలు కింద కూడా మరిగిపోతుంది. అంత లోతుకు లాగితేనే తేమ ఆవిరై బయటికొస్తుంది.

టూ స్టేజ్ పంపులో కొత్త ఆయిల్ పోయండి. లావుపాటి, పొట్టి గొట్టాలు వాడి, వాల్వు పిన్నులు తీసి, రెండు వైపుల నుంచీ లాగండి. సోలినాయిడ్ వాల్వును (కరెంటుతో తెరుచుకునే వాల్వు) అయస్కాంతంతో తెరిచి ఉంచండి, లేకపోతే ఆ ముక్కలో గాలి ఉండిపోతుంది. మామూలు గేజికి ఇంత తేడా తెలియదు. మైక్రాన్ గేజి కావాలి, అదీ పంపుకు దూరంగా పెట్టాలి.

“అరగంట తిప్పాం, చాలు” అనే లెక్క పనికిరాదు. 500 కిందికి వచ్చాక వాల్వు మూసి, పంపు ఆపి పావుగంట చూడండి. అంకె ఆగకుండా పెరుగుతూ పోతే ఇంకా లీకు ఉంది. కొంత పెరిగి నిలబడితే తేమ మిగిలింది. అప్పుడు నైట్రోజన్‌తో వాక్యూమ్ విరిచి (లైన్ నింపి) మళ్లీ లాగండి, అవసరమైతే మూడుసార్లు. వాక్యూమ్‌లో ఉండగా కంప్రెసర్‌కు కరెంటు ఇవ్వొద్దు, వైండింగ్ కాలిపోతుంది.

గ్యాస్‌ను కాటా మీద తూచి, నేమ్ ప్లేటు మీదున్న బరువే ఎక్కించండి. ఆర్-404ఏ మిశ్రమం కాబట్టి సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి. యూనిట్ నడుస్తుండగా లో సైడ్‌లోకి అయితే కొద్దికొద్దిగా వదలాలి. చివరగా మూతలన్నీ బిగించి అతుకుల్ని మరోసారి పరీక్షించండి. తేదీ, గ్యాస్ పేరు, బరువు, ఆగిన మైక్రాన్ అంకె ప్యానెల్ లోపలి వైపు రాసిపెట్టండి.