ఐస్కజీ వాడని సర్వర్‌కీ ఐస్కజీ బగ్

2021 మార్చిలో లైనక్స్ కెర్నెల్లో సీవీఈ-2021-27365 అనే నంబరున్న భద్రతా లోపం బయటపడింది. బగ్ మాత్రం 2006 నుంచీ ఉన్నదే. ఐస్కజీ అంటే నెట్‌వర్క్ మీదుగా దూరపు డిస్కుల్ని వాడుకునే పద్ధతి. దాని సెట్టింగుల విలువల్ని నెట్‌లింక్ (ప్రోగ్రాములు కెర్నెల్‌తో మాట్లాడే దారి) ద్వారా ఎంత పొడుగైనా పెట్టనిచ్చేది కెర్నెల్. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ వివరాల్ని ఫైళ్లలా చూపే చోటు) చదివేటప్పుడేమో హద్దు చూడని స్ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్ వాటిని 4096 బైట్ల బఫర్‌లో కుమ్మరించేది, సోలలో కుంచెడు పోసినట్టు. పొర్లిందంతా పక్క మెమరీ మీదే.

మా దగ్గర ఐస్కజీ డిస్కులే లేవు. అయినా ఊరుకోలేం: కొన్ని డిస్ట్రోల్లో (లైనక్స్ రకాల్లో) మామూలు యూజరే ఐస్కజీ మాడ్యూల్ (కెర్నెల్‌కి విడిగా తగిలించే ముక్క) లోడయ్యేలా చేయగలడు! కొత్త కెర్నెల్ ఎక్కించాలంటే రీబూట్ చేయాలి; దానికి అనుమతి వచ్చేలోపు మాడ్యూల్ని దించేశాను. మాడ్యూళ్లని లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ కాన్ఫిగ్‌లో బ్లాక్‌లిస్ట్ ఒక్కటే చాలదు, వేరే మాడ్యూల్ లాక్కొస్తే వచ్చేస్తుంది. అందుకే ఇన్‌స్టాల్ లైన్లో దాన్ని బిన్-ఫాల్స్‌కి (ఏమీ చేయకుండా విఫలమయ్యే కమాండ్) మళ్లించాను. తర్వాత 5.10.21 కెర్నెల్ ఎక్కించాం. అందులో పొడవు తనిఖీ, స్ప్రింట్‌ఎఫ్ బదులు హద్దు చూసే సిస్‌ఎఫ్‌ఎస్-ఎమిట్ రెండూ ఉన్నాయి. డిస్కులు ఐస్కజీ మీదే నడిచేవాళ్లకి ప్యాచే దిక్కు.