మామిడి నీడన, గడ్డిలో లిల్లీలు

ట్యులిప్ గడ్డలు తెప్పించుకుందామని మా మరదలు ఏటా అడుగుతుంది. వద్దంటాను. వాటి కాడ సాగి పువ్వు విచ్చాలంటే దాదాపు మూడు నెలల గట్టి చలి ఉండాలి. కశ్మీరులో సరే, మా పర్లాకిమిడిలో ఎక్కడిదీ? మన చెట్ల కింద గడ్డిలో వాటంతటవే ఏటేటా లేచే దుంపలు వేరే ఉన్నాయి. మార్చి, ఏప్రిల్‌లో నర్సరీవాళ్లు ఎమరిల్లిస్ అని అమ్మేది పూస్తుంది. మే ఎండల్లో ఫుట్‌బాల్ లిల్లీ. ఆపైన వాన పడ్డ కొద్ది రోజులకే రెయిన్ లిల్లీ.

ఆకు రాలి దుంప నిద్రలో ఉండే చలికాలం చివర్లో నాటండి. వరసలు తీయకండి, తోట కాస్తా బడిపిల్లల ప్రార్థనలా ఉంటుంది. దుంపలు గుప్పిటపట్టి గడ్డి మీదకి విసిరి, పడ్డచోటే పాతండి. మొదలు దగ్గర మాత్రం వద్దు, అక్కడ వేళ్లు తగులుతాయి. గునపంతో పొడిచి చూసి, మెత్తగా దిగినచోట గుంత చేసి, చివికిన పేడ ఎరువు గుప్పెడు వేస్తే చాలు. ఎమరిల్లిస్ మెడ మట్టిపైకి కనబడాలి, ఫుట్‌బాల్ లిల్లీ మెడ నేల మట్టానికి ఉండాలి. రెయిన్ లిల్లీ అంగుళం లోతున. దానికి వెలుతురు ఎక్కువ కావాలి, కొమ్మల నీడ అంచున వేయండి. నీడలో గరిక ఎలాగూ పల్చబడుతుంది, దుంపలకి అదే మేలు.

అసలు పని కొడవలి దగ్గరుంది. ఫుట్‌బాల్ లిల్లీకి ముందు మచ్చల కాడ ఒక్కటే మట్టిని చీల్చుకుని వస్తుంది, దాని తలమీద ఎర్రటి బంతి విచ్చుతుంది, వెడల్పాటి ఆకులు ఆ వెనక. పువ్వు వాడాక ఆ ఆకులే దుంపని నింపుతాయి. మా ఇంట గడ్డి కోసే కుర్రాడు "పూలైపోనాయి కదమ్మా, కోసీమంటారా?" అంటాడు. "ఆకు పండేదాకా ఉంచరా" అంటాను. పచ్చగా ఉండగా కోస్తే వచ్చే ఏడు ఆకులే, పువ్వుండదు. చూడ్డానికి చిందరవందరగా ఉంటుంది, నిజమే. గుబుర్ల చుట్టూ వదిలి మిగతాది కోయించండి.

ఈ మూడింటి దుంపల్లోనూ విషం ఉంటుంది. మేకలు, దూడలు తిరిగే దొడ్డయితే కంచె వేయండి, పసిపిల్లల చేతికి ఇవ్వకండి. గుబురు ఒత్తయి పూత తగ్గితే మాఘంలో తవ్వి, పిల్ల దుంపలు విడదీసి వేరేచోట పాతండి. మా మరదలి వాటా నేను ప్రతిసారీ ముందే తీసి ఉంచుతాను.